పన్నెండో నంబరు పానా

కొరోయికో కింద, నది వంతెనకి ఇవతల నా షెడ్డు.
పైనుంచి దిగే ప్రతి బండీ
బ్రేకుల కమురు వాసనని ముందు పంపి
తర్వాత తను వస్తుంది.
కసిమిరా టికోనా టొయోటా మాత్రం
చప్పుడుని ముందు పంపింది.

దిగింది. టోపీ సరిచేసుకుంది.
"రాడ్డు బేరింగు పోయిందట. ఇంజను దింపాలట.
ఎల్ ఆల్టోలో మేస్త్రీ చెప్పాడు."
"అక్కడా కొట్టుకుందా?"
"లేదు, అక్కడ నోరెత్తదు. ఇటు దిగితేనే."
"మరి అతనేం విన్నాడు?"
కాసేపు ఆలోచించింది.
"నేను చెప్పింది విన్నాడు."

వీపు మీది రంగుల గుడ్డలో డబ్బు ముడి
అప్పటికే సగం విప్పింది.
కట్టెయ్యమన్నాను.

నా ఎడమ చెవిని డీజిల్ లారీలు ఎప్పుడో తినేశాయి.
ఉన్న ఆస్తి కుడి చెవి ఒక్కటే.
పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడి చెవికి ఆనించి
కింద సంపు, పక్కన బ్లాకు, పైన వాల్వు కవరు,
మంత్రసాని కడుపు తడిమినట్టు తడిమాను.

బేరింగు పోతే అడుగునుంచి పలుకుతుంది,
పక్కింటి రోకటి పోటులా.
పిస్టన్ వదులైతే చలికి సణిగి
ఒళ్ళు వేడెక్కాక ఊరుకుంటుంది.
వాల్వులైతే కుట్టుమిషనే.
ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే పీకి చూశాను.
ఏ సిలిండరూ నేరం ఒప్పుకోలేదు.
నిలబెడితే బండి బెల్లం కొట్టిన రాయి.

"పద," అన్నాను. "మూడో గేరు. ఎత్తుకి ఎదురు. కాలు తియ్యకు."

సిమెంటు శిలువ దగ్గరి మలుపులో
అప్పుడు మాట్లాడింది:
రేకు డబ్బాలో గులకరాళ్ళు.
నాకు నవ్వొచ్చింది. ఆవిడకి కోపమొచ్చింది.

"అమ్మా, మీ పైన గాలి పలచన.
మంట బద్ధకంగా పాకుతుంది.
అందుకే మీ మేస్త్రీ నిప్పురవ్వని
కాస్త ముందే లేపాడు. తప్పేం లేదు,
అక్కడికి అదే వైద్యం.
ఇక్కడ గాలి గంజిలా చిక్కన.
పిస్టన్ ఇంకా మెట్లెక్కుతుండగానే
మంట తలుపు తీసుకొచ్చి మొహం మీద గుద్దుతోంది.
నువ్వు విన్నది అదీ."

డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేశాను.
రోటర్ తిరిగే వైపే, గోరంత.
మళ్ళీ ఎక్కాం. రాళ్ళు సగం తగ్గాయి.
ఇంకో గోరంత.
శిలువ దగ్గర ఈసారి
నది చప్పుడు వినిపించింది, అంతే.

"పైకెళ్ళాక?" అంది. ఆడమనిషి కాదు, అడ్వకేటు.
"పైకెళ్ళాక ఈ సర్దుబాటుకి బండి నిద్రపోతుంది."
అందుకని ఉలితో రెండు గీతలు గీశాను,
ఒకటి కొండకి, ఒకటి లోయకి.
పన్నెండో నంబరు పానా చేతిలో పెట్టి
నాలుగుసార్లు ఆవిడ చేతే తిప్పించాను.
"మరి మధ్య ఊళ్ళలో?"
"మధ్యలో చెవి పెట్టు."

వెళ్ళాక మా అక్క కొడుకు రెమిహియో
గుడ్డ నేలకి కొట్టి అన్నాడు:
"ముడి తనే విప్పింది కదా మామా!
వారం రోజుల పని."
నేనేం మాట్లాడలేదు.
పళ్ళెంలో మంచుకి ఎండిన నల్ల దుంపలు,
ఆవిడ డబ్బు పైన కొసరుగా పోసినవి, అరబస్తా.
వాడికి అవి పడవు. నాకూ పడవు.

ఇప్పుడు గురువారం గురువారం ఆ టొయోటా
ఆగకుండా వెళుతుంది, ఒక్క హారను కొట్టి.
పని ఆపి కుడి చెవి అటు తిప్పుతాను.
దిగేప్పుడు శుభ్రం. ఎక్కేప్పుడు శుభ్రం.
కనుమ పైన, మంచులో, బానెట్ ఎత్తి
వేళ్ళు కొంకర్లు పోతుండగా
గీతకి గీత కలుపుతోందన్నమాట.

పానా మాత్రం ఇంకా తిరిగి రాలేదు.
పన్నెండు నంబరుది ఏదొచ్చినా
పదమూడులో గుడ్డముక్క దోపి నెట్టుకొస్తున్నాను.